దూలగొండి పొడి

చేతుల వణుకు మొదలైన మూడో ఏటికి మా ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. "ఒకరు తినిపీకుండా నా కూడు నేను తింటే చాలు" అనేవాడు. పార్కిన్సన్స్ జబ్బు ఆయనది. మాత్రలు వేసుకున్నా ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం ఒళ్లోనే పడేది.

సంగతి విని మా తమ్ముడు చోరనూరు నుంచి దూలగొండి గింజల పొడి తెచ్చాడు. ఒంటికి తగిలితే దురదతో చంపే కాయ. దాని గింజ మందంటే నాకు నవ్వొచ్చింది.

"మాత్రలో ఉండే మందే దీంట్లోనూ ఉండాదంటక్కా. చెట్టుది, ఏం కాదు" అన్నాడు.

రెండు పూటలా మాత్రతో పాటు చెంచా పొడి నీళ్లలో కలిపి ఇచ్చాను. రెండు వారాల్లో చెయ్యి నిలిచింది. జొన్నరొట్టె తానే తుంచుకుని, పప్పులో అద్దుకుని తిన్నాడు. నేను వాకిట్లోకి పోయి ఏడ్చాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంకా బాగుపడతాడని రెండు చెంచాలు చేశాను. ఒకే మందును రెండు వైపుల నుంచీ పోస్తున్నానని బుర్రకు తట్టలేదు.

నెల తిరక్కముందే ఆయన ఒళ్లు తనంతట తానే మెలికలు తిరగసాగింది. వాకిట్లో ఎవరో కూర్చున్నారని, లేనివాళ్లకు మంచినీళ్లిమ్మనేవాడు.

బళ్లారి ఆసుపత్రికి తీసుకెళ్లాను. మాత్రలు కాక ఇంకేమైనా తీసుకుంటున్నారా అని డాక్టరు ఆయన్ని కన్నడంలో అడిగాడు. జబ్బుతో ఆయన మాట నిదానం. నోరు తెరిచి మాట కూడదీసుకునేలోగా, అలవాటుగా నేనే "ఇల్లా సార్", ఏమీ లేదని అనేశాను. చదువుకున్న మనిషి ముందు నాటుమందు పేరెత్తడానికి సిగ్గు, తిడతాడని భయం. మా ఆయన నా వైపు చూసి నోరు మూసుకున్నాడు.

మాత్రలే ఎక్కువయ్యాయనుకుని డాక్టరు సగానికి తగ్గించాడు. ఇంటికొచ్చి నేను పొడంతా దిబ్బలో పారేశాను. రెండూ ఒక్కసారే తగ్గేసరికి నాలుగో రోజుకు మనిషి కట్టెలా బిగుసుకుపోయాడు. మింగడం కష్టమైంది. మళ్లీ తీసుకెళ్లి నిజం చెప్పాను. డాక్టరు కోప్పడలేదు. ముందే చెప్పుంటే పొడి మాన్పించి మాత్రలు అలాగే ఉంచేవాణ్ణన్నాడు. మాత్రలు పెంచినా ఆ చెయ్యి మళ్లీ లేవలేదు.

ఇప్పుడు రాగి గంజి నేనే చెంచాతో పోస్తాను. ఒకరోజు గంజి పోస్తూ, నన్ను క్షమించమని అడిగాను. మాట కూడదీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. నేను చెంచా పట్టుకుని కూర్చున్నాను.

"ఆ పొద్దు డాక్టరుకు నేను చెప్తాంటి" అన్నాడు. "నువ్వు చెప్పనీలే."