అరుణమ్మ ఊదిన ఊపిరి

ముడిమ్యాలలో సర్పంచ్ సీటు ఈసారి ఆడవాళ్లకు వచ్చిందని తెలిసిన రోజే బాల్‌రాజ్ తన భార్య అరుణమ్మ పేరుతో ఫ్లెక్సీ కట్టించాడు. ఆమెను అడగలేదు. అడిగే ఆనవాయితీ ఆ ఇంట్లోనే కాదు, ఆ ఊళ్లోనే లేదు. ఫ్లెక్సీలో ఆమె బొమ్మ చిన్నది, పక్కన దండం పెడుతున్న మొగుడి బొమ్మ పెద్దది. ఆడవాళ్ల సీటంటే వాళ్ల పేరు చెప్పుకుని మొగవాళ్లు కూర్చునే కుర్చీ అని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అతను ఊరంతా తిరగగలిగే మనిషే అయితే అరుణమ్మకు ఏ బెంగా ఉండేది కాదు. రెండేళ్ల కిందట బాల్‌రాజ్ ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. చనిపోయిన, ముక్కూ మొహం తెలియని ఎవరి బిడ్డవో తీసి, హైదరాబాద్ దవాఖానలో అతనికి పెట్టారు. ఆ రోజు ఆపరేషన్ గది బయట కూర్చుని ఆమె తన మొగుడి కోసం ఎంత ఏడ్చిందో, ఆ బిడ్డను కన్నతల్లి కోసమూ అంత ఏడ్చింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ వరప్రసాద్ అరచేతిలో ఇమిడే మిషన్ ఒకటి ఇచ్చాడు. రోజూ పొద్దున్నే గుండెల నిండా గాలి పీల్చి అందులో బలంగా ఊదాలి. వచ్చిన అంకె ఫోన్ ద్వారా నేరుగా దవాఖానకు పోతుంది.

"పెట్టిన ఊపిరితిత్తులను ఒళ్లు పరాయివిగానే చూస్తుందమ్మా, మెల్లగా పాడుచేస్తుంది. ఆయాసం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఈ అంకె ముందే చెప్తుంది. రక్తంలో కూడా ముందే ఆనవాళ్లు కనపడొచ్చు, అందుకే రక్తపరీక్ష తప్పించొద్దు. అంకె తగ్గితే వెంటనే రండి" అన్నాడు డాక్టర్.

అరుణమ్మకు అది ఇట్టే అర్థమైంది. క్యారెట్ మడిలో పైన ఆకు పచ్చగానే ఉంటుంది, కింద గడ్డ కుళ్లుతూ ఉంటుంది. అందుకే అక్కడొకటీ ఇక్కడొకటీ పీకి చూస్తారు.

నామినేషన్ వేసిన వారంలోనే అంకె తగ్గింది. కొంచెమే. దవాఖాన నుంచి నర్సు సమత ఫోన్ చేసింది. "రేపు మళ్లా ఊదుండ్రి అంకుల్. ఇట్లనే ఉంటే వచ్చి అడ్మిట్ కావాలె."

మర్నాడు బాల్‌రాజ్ మిషన్ తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

"నువ్వూదు."

"నేనూదుడేంది? పానం నీది గద!"

"అడ్మిట్ అయితే ఓట్ల దాకా మంచం మీదనే పండవెడ్తరు. ఈడ ప్రచారం ఎవడు చూస్తడు? నీ పేరు మీద నేను తిరుగుతలేనా? నా పేరు మీద నువ్వూదు. ఏం ఫికర్ చెయ్యకు, నేను మంచిగనే ఉన్న. ఓట్లయినంక పోదాం."

ఆమె ఊదింది. మొగుడి మాట ఏనాడూ కాదనలేదు కనుక ఊదింది. అంతే అంటే అబద్ధమవుతుంది. చిన్నదైతేనేం, ఫ్లెక్సీ మీద తన బొమ్మ చూసి ఆమెకూ ముచ్చటేసింది. వచ్చిన అంకె అచ్చం అతను బాగున్న రోజుల్లో వచ్చిన అంకెలాగే ఉంది. "సూపర్ అంకుల్" అని సమత మెసేజ్ పెట్టింది.

ఇక అదే అలవాటైపోయింది. రక్తపరీక్షకు పోవలసిన రోజున చేవెళ్ల నుంచి పార్టీవాళ్లు వస్తున్నారని అదీ మానేశారు. బాల్‌రాజ్ డాక్టర్ పెట్టుకొమ్మన్న మాస్కును గడ్డం కిందికి లాగి గడపగడపకూ తిరిగాడు. మెట్లెక్కేటప్పుడు తమ్ముడు శ్రీకాంత్ భుజం ఆసరాగా పట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా అరుణమ్మ మర్నాడు పొద్దున్నే మరింత గట్టిగా ఊదేది, తన ఊపిరే అతనికి చేరుతున్నట్టు. పిచ్చిది.

అరుణమ్మ గెలిచింది. పటాకుల పొగలో బాల్‌రాజ్ మైకు అందుకుని "ముడిమ్యాల అన్నలకు, అక్కలకు" అన్నాడు. ఆ పై మాటకు ఊపిరి అందక అక్కడే కూలబడ్డాడు.

దవాఖానలో పెద్ద మిషన్ మీద ఊదిస్తే సగం కూడా రాలేదు. వరప్రసాద్, వాళ్ల ఇంటి నుంచి వచ్చిన అంకెలు పక్కన పెట్టుకుని చూశాడు.

"నిన్నటిదాకా బాగానే ఊదారే! ఇది రాత్రికి రాత్రి జరిగేది కాదు."

"మిషన్ ఖరాబైనట్టున్నది సార్" అన్నాడు బాల్‌రాజ్ రొప్పుతూ.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్. ఊదింది నేను" అంది అరుణమ్మ. ఈ నెల రోజుల్లో బయటివాళ్ల ముందు ఆమె తనంతట తాను పలికిన మొదటి మాట అదే.

డాక్టర్‌కు కోపం వచ్చింది. ఆమె ముఖం చూసి దాన్ని మింగేశాడు. "మొదట తగ్గినప్పుడే వచ్చి ఉంటే మందులతో అక్కడే ఆపడానికి చూసేవాళ్లం. కొందరిలో ఆగుతుంది. ఇప్పుడు లోపలి గాలి గొట్టాలు మూసుకుపోయాయి. పోయింది తిరిగి రాదమ్మా."

"ఇంకోసారి మార్చరాదా సార్?"

"ఈ ఒంటితో తట్టుకోలేరు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె రచ్చ గెలిచింది. ఇంటికి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చుకుంది.

అరుణమ్మ ప్రమాణం చేయాల్సిన పొద్దున బాల్‌రాజ్ మంచం మీద దిండ్లకు ఆనుకుని మిషన్‌లో ఊదాడు. అంకె చూసి, మిషన్‌ను ఆమెకు అందించాడు.

"నువ్వూదు అరుణా."

"ఇంకా ఎవలను మోసం చేద్దామని?"

"ఎవలకు గాదు. మంచి అంకె ఒక్కసారి చూడబుద్ధైతున్నది."

బయట శ్రీకాంత్ పిలుస్తున్నాడు, "వదినా, పంచాయితీ కాడ అందరొచ్చిన్రు!" అరుణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, గుండెల నిండా గాలి పీల్చి ఊదింది. బాల్‌రాజ్ మిషన్ దగ్గరికి లాక్కుని, ఆ అంకెను చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్న" అన్నాడు.