కాంటా కోడ్ వేరుపడ్డప్పుడు

నాకు ఓపిక తక్కువ. పని అయిపోవాలి, అంతే. ఎలా అయిందని తర్వాత ఏడుస్తాను. ఈ గుణం వల్లే మా ఆఫీసులో ఒక మనిషికి అన్యాయం చేశాను.

మా కంపెనీ నాచారంలో, ఒక టీకొట్టు పైన. ధర్మకాంటాలకు, అంటే లారీని ఎక్కించి తూకం వేసే కాంటాలకు, సాఫ్ట్‌వేర్ చేస్తాం. కాంటా నుంచి బరువు చదివే భాగం, స్లిప్పులు, రిపోర్టులు, అన్నీ ఒకే రిపోలో ఉండేవి. రిపో అంటే మా కోడ్ అంతా దాచుకునే చోటు. అన్నీ కలిసి ఉండటంతో స్లిప్పు మీద అక్షరాల సైజు మార్చినా బరువు చదివే భాగం కూడా దాంతోపాటే కొత్తగా కాంటాలకు వెళ్లేది. వెళ్లి ఎక్కడో మొరాయించేది. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఏదో ఒక కాంటా దగ్గర లారీలు బారులు తీరేవి, మాకు ఫోన్లు మొదలయ్యేవి. ఇక ఇలా లాభం లేదని, ఆ భాగాన్ని విడదీసి వేరే రిపోలో పెట్టాలని, దాని రిలీజు, అంటే కొత్త కోడ్ కాంటాలకు పంపడం, విడిగా జరగాలని మేనేజర్ నిర్ణయించారు. పని నాకు అప్పజెప్పారు.

ఆ భాగం రాసింది నేను కాదు. నా పక్క సీట్లో కూర్చునే అన్న. ఒకప్పుడు ఇదే నాచారంలో ఒక ధర్మకాంటా మీద స్లిప్పులు రాసేవాడు. పొద్దున పూట కోచింగుకి వెళ్లి ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఇక్కడ చేరాడు. కాంటా అన్న అని పిలుస్తాం. తొమ్మిదేళ్లుగా ఆ కోడ్‌ని ఆయనొక్కడే చూసుకుంటున్నాడు.

రిపోలో కోడ్ ఒక్కటే ఉండదు. ఏ లైను ఎవరు మార్చారో, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఆ చరిత్రంతా ఉంటుంది. దానితో సహా విడదీయాలంటే రెండు రోజులు కూర్చోవాలి. ఫోల్డర్ కాపీ చేసి కొత్త రిపోలో పెట్టేస్తే పది నిమిషాల పని.

"అన్నా, గా పాత హిస్టరీ అంత మనకెందుకు? కొత్తగ మొదలువెడ్దం," అన్నాను.

అన్న స్క్రీన్ వైపు చూస్తూ, "నీ ఇష్టం చెల్లె," అన్నాడు.

ఆ 'నీ ఇష్టం'లో ఏముందో ఆలోచించే తీరిక నాకెక్కడిది? కాపీ కొట్టేశాను. కొత్త రిపోలో ఒకే ఒక్క ఎంట్రీ, పక్కన నా పేరు.

రెండు వారాలకు మీటింగు పెట్టారు. మేనేజర్ వచ్చి అప్పటికి ఆరు నెలలే. టీమ్‌లో పాతవాళ్లం అన్న, నేను, అంతే. మిగతావాళ్లంతా కొత్త పిల్లలు.

"ఈ భాగానికి ఒక లీడ్ ఉండాలి. రిలీజ్ ఎప్పుడు చేయాలో, ఏది వెళ్లాలో, ఏది ఆగాలో వాళ్లే చెప్పాలి," అంటూ మేనేజర్ కొత్త రిపో తెరిచారు. ఎవరెవరు కోడ్ రాశారో చూపించే పేజీలో నా పేరొక్కటే ఉంది. "అంతా మీరే చూసుకుంటున్నట్టున్నారుగా. లీడ్‌గా మీరే ఉండండి," అన్నారు నాతో.

ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. లీడ్ అనిపించుకోవాలని నాలుగేళ్లుగా నాకూ ఉంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, అప్పుడు నాకు సంతోషమే వేసింది. చిల్కానగర్‌లో బస్సు దిగి ఇంటికి స్వీట్లు కూడా తీసుకెళ్లాను.

వారం తిరక్కుండానే ఒక కస్టమరు, బరువు చూపించడం ఆలస్యమవుతోందని ఫిర్యాదు చేశాడు. చూస్తే కోడ్‌లో ఒకచోట మూడు సెకన్లు ఊరికే ఆగుతోంది. తీసేద్దామనుకున్నాను. ఎందుకు పెట్టారా అని కొత్త రిపోలో వెతికితే నా పేరు తప్ప ఏముంది నా మొహం! విసుక్కుంటూ పాతది తెరిచాను. అన్న ప్రతి మార్పు కిందా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పెట్టాడు.

"లారీ ఎక్కినంక మూడు సెకన్లు ఆగాలె. బ్రేక్ కొడ్తె కాంటా ఊగుతది. గిది తీసెయ్యకున్రి."

"వానకాలం కాంటా కింద నీళ్లు నిలుస్తున్నయి, ఖాళీ కాంటా మీద సున్న వస్తలేదు. పోయి సూసొచ్చిన."

"గీ తప్పు నాదే. సరిజేసిన."

ఆ మూడు సెకన్లు ముట్టుకోకుండా మధ్యాహ్నమంతా అవే చదివాను. ఆయన వానలో తిరిగి నేర్చుకున్నదంతా నేను పది నిమిషాల్లో నా పేరు మీద వేసుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు నేను పెట్టిన రిపో తీసిపారేసి, రెండు రోజులు కూర్చుని, చరిత్రతో సహా మళ్లీ మొదటినుంచి విడదీశాను. ఇప్పుడు పేజీ నిండా అన్న పేరే. మేనేజర్‌కి చూపించి, "సార్, ఇది రాసింది అన్న. మీటింగ్‌లోనే చెప్పాల్సింది, కావాలనే చెప్పలేదు. లీడ్ ఆయనే ఉండాలి," అన్నాను.

ఆయన, "అప్పుడే చెప్పి ఉండాల్సిందమ్మా," అన్నారు. సాయంత్రానికి అన్నే లీడ్ అని అందరికీ మెయిల్ పంపారు.

తర్వాతి రోజు కింద టీకొట్టు దగ్గర అన్నే నాకూ ఒక టీ చెప్పాడు. ఆయన మొహంలో కోపం లేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

"సారీ అన్నా," అన్నాను.

"సరిజేసినవ్ గదా చెల్లె. ఇంకేం ఫికర్ వెట్టుకోకు."

"గా దినం మీటింగ్‌ల నువ్వే చెప్పొచ్చు గదా అన్నా, నేను రాసిన అని."

అన్న టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నేను చెప్తె పేరు కోసం కొట్లాడినట్టుంటది. పాతోళ్లందరు పోయిన్రు. నేను రాస్తుంటె సూసింది నువ్వొక్కదానివే. చెప్తవేమో అని నీ దిక్కే సూస్కుంట కూసున్న."

ఆ మీటింగ్ అయ్యేదాకా నేను ఒక్కసారి కూడా అన్న వైపు తిరగలేదు.