పైకి పంపని అర్జీ

ప్రతి ఉదయం కొట్టు తలుపు తీయగానే మా టైలరక్క కుట్టుమిషను మీద చేయి ఉంచి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేది. తర్వాత ఒక స్టూలు తెచ్చి గుమ్మం ముందు వేసేది. వీధి ఊడ్చే ముసలామె కోసం అది. "చీపురెక్కడికీ పారిపోదులే పెద్దమ్మా, కాసేపు కూర్చో" అనేది.

ఆ మంచితనం చూసే జనం ఆమెను వార్డు సభ్యురాలిని చేశారు. పురపాలక సంఘానిది మాత్రం పాత అలవాటు. ఏ ఫిర్యాదు వచ్చినా "పై ఆఫీసు నిర్ణయానికి పంపడమైనది" అని రాసి, టీ తాగి లేచేవారు. ఆ ఏడు కొత్త ఉత్తర్వు వచ్చింది. కాలువలు, చెరువులు, పొగగొట్టాల సంగతి ఇకమీదట ఊరి సంఘమే తేల్చుకోవాలట.

మొదట వచ్చింది అద్దకం షెడ్డు అర్జీ. రంగునీళ్లు కాలువలోకి వదలనివ్వమని. పల్లపు వీధుల బావులకు ఆ కాలువే ఊట. షెడ్డు యజమానేమో టైలరక్కకు సొంత మరిది.

అలవాటు కొద్దీ అందరూ అర్జీని పైకి పంపేశారు. టైలరక్క కూడా చెయ్యెత్తింది. "ఇది మీరు తేల్చవలసినదే" అన్న రాతతో అర్జీ వెళ్లిన దారినే తిరిగి వచ్చింది.

"ఏముంది, ఇంకోసారి పంపిద్దాం" అన్నాడు చైర్మన్.

"ఇంకెక్కడికండీ? ఆ పైన దేవుడొక్కడే ఉన్నాడు. ఆయన చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశాడు" అంది టైలరక్క.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మన చేతిలో ఏముందని ఇన్నాళ్లూ ఏడ్చాం. ఇప్పుడు చేతికిస్తే వెనక్కి దాచుకుంటామా? రేపు ఓటింగు పెట్టండి."

ఆ సాయంత్రం తనే మరిది ఇంటికి వెళ్లింది.

"ఇంటి మనిషివై ఉండి నా నోట్లో మట్టి కొడతావా వదినా?"

"నీ నోట్లో మట్టి పడకూడదనే, పల్లపు వీధుల వాళ్ల గొంతులో రంగు పడకూడదనే వచ్చాను. నీళ్లు శుభ్రం చేసే తొట్లు కట్టించు. అప్పుడు నీ అర్జీకి మొదటి చెయ్యి నాదే లేస్తుంది."

"అవి కట్టేసరికి నా వ్యాపారం గోవిందా!"

"కష్టమే, కాదనను. అయినా రేపు ఒప్పుకోను."

మరిది మొహం తిప్పుకున్నాడు. తోడికోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగి, గ్లాసు చేతికిచ్చి, టైలరక్క మరిది ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకో సాయం చెయ్యి అబ్బాయ్. రేపు మీటింగుకి నువ్వూ రా. వద్దనే మాట నీ వెనకాల అనడం నావల్ల కాదు."