జామచెట్టుకు కొట్టిన రంగు

పోయిన నెల జూబ్లీ హిల్స్‌లో మా పెరట్లో సినిమా షూటింగ్ జరిగింది. కథ ప్రకారం అది ఏదో చలిదేశంలో ఆకురాలే కాలం. జామచెట్టు ఆకులకు ఎర్రరంగు కొడతామని ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లంటే సరేనన్నాను. ఎంత బాగుందో! రోజూ దాని కిందే కాఫీ తాగాను, ఇక్కడ ఫోటో కూడా పెట్టాను.

ఈ రోజు తోటపని చేసే యాదమ్మ గోటితో బెరడు గీకింది. లోపల ఎక్కడా పచ్చదనం కనిపించలేదు.

“ఎండిపోయిందమ్మా. ఆకులకు పెయింటేస్తే చెట్టు ఊపిరెట్ల తీస్తది?”

“అప్పుడే చెప్పొచ్చుగా యాదమ్మా?”

“చెప్పిన. మీరు ఫోటో తీస్తున్నరు. జర పక్కకు జరుగుమన్నరు.”

అన్నానా? ఏమో, గుర్తులేదు. ఇందాక ఆ ఫోటో మళ్లీ చూశాను. ఓ మూల, చెట్టువైపు చూపిస్తూ యాదమ్మ చెయ్యి ఉంది. మీరంతా లైక్ కొట్టిన ఫోటోనే. తీసెయ్యనా, ఉంచనా?