ఎర్రలైటుకు ఆగిన గొర్రెలకాపరులు

డెబ్బైల్లో మా కాజీపేట రైల్వే కాలనీలో క్రిస్మస్ అంటే పాటల నాటకమే. అందులో మాటలుండవు, ఎవరేం చెప్పాలన్నా హార్మోనియం మీద పాడే చెప్పాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ దేవదూతను నేనే. గొంతు నాదే కానీ గర్వమంతా అమ్మది. నేను పాడుతుంటే కింద కూర్చుని తనూ పెదవులు కదిపేది. ఒక్క ముక్క తప్పానా, ఇంటికొచ్చాక దులిపేసేది.

ఒక ఏడాది మా నాన్న పెద్ద కాపరి. ఆయన బొగ్గింజను డ్రైవరు. వెనక నడిచే ఇద్దరు కాపరులూ ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్లు. నేను స్టూలెక్కి "రండి రండి" అని పాడగానే నక్షత్రం వెలుగు పడాలి, వాళ్లు పశువులపాకకు నడవాలి. లైట్లు చూసే కరెంటు మామ, నక్షత్రం ధగధగలాడాలని లైటుడబ్బాకు ఎర్రకాగితం పెట్టాడు. ఇంకేముంది, ఎర్రలైటు పడగానే నాన్న టక్కున ఆగిపోయాడు. డ్రైవరు ఆగితే ఫైర్‌మన్లు కదులుతారా? నేను రమ్మని పాడతాను, వాళ్లు రారు. మళ్లీ పాడాను. మళ్లీ రారు. నాకు ఒళ్లు మండింది. డబ్బా నా పక్కనే ఉంది. రెక్కలతోనే వంగి, ఎర్రకాగితం లాగేసి, పక్కనున్న రంగుకాగితాల్లోంచి పచ్చది తీసి దూర్చాను. నాన్న కదిలాడు. హాలంతా ఒకటే నవ్వు.

"ఎర్రలైటు జూసినంక కాళ్లెట్ల లేస్తయి బిడ్డా?" అన్నాడు నాన్న, ఇంటికి నడుస్తూ.

నాకు నవ్వు రాలేదు. గొంతు చించుకున్నా కదలని మనుషులు ఒక్క రంగుకాగితానికి కదిలారే అన్నదే మనసులో పడిపోయింది. ఇక ఆ మామను వదిలితే ఒట్టు. లైటుకు పోయే కరెంటు తీగలను ఉప్పునీళ్ల కుండలో మెల్లగా దింపుతూ వెలుగును పెంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మరుసటి క్రిస్మస్‌కు పాడనని, లైట్లు చూస్తానని చెప్పేశాను.

అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. చివరికి ఓ రోజు బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది.

"గింత మంచి గొంతిచ్చిండు దేవుడు. నువ్వు పొయ్యి చీకట్ల కూసుంటె నేనెవల్ని జూడాలె?"

  కానీ నేనసలే మొండిదాన్ని, పంతం వదల్లేదు.

తర్వాత ఎనభైల్లో వరంగల్ నాటకాలకు లైట్లు పెడుతూ ఎన్ని వేదికలు తిరిగానో. నేను మొదటిసారి లైట్లు చూసిన ఆ క్రిస్మస్ సాయంత్రం మాత్రం వేరు. ఈసారి మామ లైట్లను హాలు చివర బల్ల మీద పెట్టించాడు. అమ్మ రాదనే అనుకున్నాను. కొత్త దేవదూత పాట ఎత్తుకుంది. తీగ దింపుతూ ఒక్కసారి తలెత్తి చూశాను. అన్ని తలలూ వేదిక వైపే ఉన్నాయి. అమ్మ ఒక్కతే ముందు వరసలో, కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుంది. పక్కావిడ భుజం తట్టి, నాటకం అటు జరుగుతోందని చూపిస్తోంది. అమ్మ తిరగలేదు. పాట అయ్యేదాకా నన్నే చూసింది.