మలుపు తిరగని పెద్ద బస్సు

పోయిన వారం హోసూరు బస్టాండులో ఒక పొడుగాటి కొత్త బస్సుకు అరటి పిలకలు కట్టి, మైకు పెట్టి, రెండు బస్సుల జనం ఒకే బస్సులో పడతారని ఒకాయన గొప్పలు చెబుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనున్న మా ఆయన నవ్వి, "నిన్నేం చేసె ఆ బస్సు?" అన్నారు. ఏం చేసిందో చెబుతాను.

మా ఊరు అంచెట్టి దాటి అడవిలోకి పోయే కొండదారి పైన ఉంది. తొంభైల్లో మాకు రెండు చిన్న బస్సులుండేవి. ఒకటి మధ్యాహ్నం వచ్చిపోయేది. రెండోది సాయంత్రం వచ్చి, రాత్రికి మా ఊళ్ళోనే ఆగి, తెల్లవారగానే హోసూరుకు బయలుదేరేది. దాని డ్రైవరుకూ కండక్టరుకూ వంతుల వారీగా ఒక్కో ఇంటివాళ్ళు రాగిముద్ద పెట్టేవాళ్ళు. మా వంతు వచ్చిన రోజు అమ్మ అనపగింజల పులుసులో ధారాళంగా నూనె పోసేది. మామూలు రోజుల్లో మాకు ఆ భాగ్యం లేదు గనుక డ్రైవరన్నంటే నాకు కొంచెం కుళ్ళు. తిన్న ముద్ద విశ్వాసమో ఏమో, పొద్దున్నే జడ అల్లుకుంటూ పరిగెత్తుకొచ్చే మా అక్క ఎక్కేదాకా ఆయన బండి కదిలించేవాడు కాదు. అక్క హోసూరు కాలేజీలో చదివేది. మా ఊరి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల ఆమే.

బస్సుల్లో జనం ఎక్కువై టాపు మీద కూడా కూర్చుంటుంటే, ఊరంతా డిపోకు పోయి ఇంకో బస్సు అడిగారు. వాళ్ళు దయతలచి ఒక పెద్ద బస్సు ఇచ్చారు. ఉన్న రెండు చిన్నవీ తీసేశారు.

మొదటి రోజు సాయంత్రం ఆడవాళ్ళమంతా హారతి పళ్ళేలు పట్టుకుని నిలబడ్డాం. కర్పూరం అయిపోయింది గానీ బస్సు రాలేదు. చివరికి మూటలు నెత్తిన పెట్టుకుని జనమే నడిచి వచ్చారు. కొండ మొదటి మలుపులోనే బస్సు తిరగలేక ఆగిపోయిందట. ఆ సంగతి చెప్పడానికి డ్రైవరన్న కూడా పైకి నడిచొచ్చాడు. "ముందు తిప్పితే ఎనక గట్టుకు తగలతాదమ్మా. ఈ దారి చూడకుండానే బండి ఇచ్చేసినారు" అన్నాడు తలెత్తకుండా.

ఆనాటి నుంచి ఆ బస్సు కొండ కిందనే వెనక్కి తిరిగి, రాత్రికి డిపో చేరుకునేది. మర్నాడు అక్కడి నుంచి బయలుదేరి మా కొండ కిందికి వచ్చేసరికి హోసూరులో కాలేజీ గంట కొట్టేసేవారు. పైగా అంత జనానికీ ఒకే కండక్టరు. టికెట్లు ఇవ్వడం పూర్తికాక, దారిలో డెంకణికోట ముందర రోడ్డు పక్కన బండి ఆపించి, మిగిలినవాళ్ళకు టికెట్లు కొట్టేవాడు. అక్క వెళ్ళేసరికి సగం క్లాసులు అయిపోయేవి. వచ్చేటప్పుడు మసక చీకట్లో, ఏనుగులు తిరిగే దారిలో నడక. నాయన రోజూ పొలం పని వదిలేసి కొండ దిగి ఆమెను తీసుకొచ్చేవాడు.

ఒకరోజు నాయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని డిపోకు పోయాడు. ఫ్యాను కింద కూర్చున్న ఆఫీసరు, "రెండు బస్సుల జనం ఒక దాంట్లోనే పట్టినారు కదప్పా, ఇంకేం కావాల మీకు?" అన్నాడు.

"నా బిడ్డకు పెద్ద బస్సు వద్దు సార్. కాలేజీ టయానికి పోయే బస్సు కావాల" అన్నాడు నాయన చేతులు కట్టుకుని.

"ఒక్క పిల్ల కోసరం బస్సు వేసేదానికి అయితాదా?"

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. సీట్లు ఎన్నో తెలిసిన పెద్దమనిషికి, ఆ సీట్లో కూర్చునేవాళ్ళు ఏ వేళకు ఎక్కడికి చేరాలో అడగాలని తోచలేదు. దారి చూడలేదు, మలుపు చూడలేదు, ఎదురుగా నిలబడిన మా అక్క ముఖమైనా చూడలేదు. మా ఊరికి సౌకర్యం పెరిగిందని మాత్రం అందరికీ చెప్పుకున్నారు, సిగ్గు లేకుండా!

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం ఏనుగుల గుంపు దారికి అడ్డం వచ్చింది. నాయనా అక్కా బండరాళ్ళ చాటున ఊపిరి బిగబట్టుకుని కూర్చుని, అవి పోయాక ఇల్లు చేరారు. మరునాడు నాయన, "చాలు తల్లీ, ఇంక వద్దు" అన్నాడు. అక్క ఏడవలేదు. పుస్తకాలు అటక మీద పెట్టి, ఆయన వెంట రాగిచేనికి పోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక, పెద్ద బస్సు ఆ దారికి పనికిరాదని డిపోవాళ్ళకు చివరికి తెలిసొచ్చి, మళ్ళీ చిన్న బస్సు వేశారు. అది తిరిగి మా ఊరి దాకా వచ్చిన నాడు, పుట్టింటికి వచ్చి ఉన్న అక్క చంకలో బిడ్డతో వాకిట్లో నిలబడి చాలాసేపు దాన్నే చూసింది. "ఎక్కుతావా అక్కా?" అన్నాను.

"ఇప్పుడెక్కి నేను యాడికి పోవాల?" అంది.

డిపోవాళ్ళు తప్పు తెలుసుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. ఆ కొన్నేళ్ళే మా అక్క చదువుకునే వయసు.