నీళ్లడిగి ఎంచుకున్న రిసార్టు

మా అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మమ్మల్నిద్దరినీ అండమాన్ పంపిస్తానంది. విమానం, పడవ టికెట్లు తనే చూసుకుంటుందట. ఉండటానికి రిసార్టు మాత్రం నేను ఎంచాలట. "నాయన కాదు, నువ్వే చూడాల మా," అని గట్టిగా చెప్పింది.

ఎందుకలా చెప్పిందో నాకు తెలుసు. మా ఇంట్లో మోటారు దగ్గర్నుంచి గ్రైండరు దాకా అన్నీ మా ఆయనే ఎంచుతాడు. నేను కట్టుకునే చీరలు కూడా చాలా ఏళ్లు మా అత్తే ఎంచేది. ఆయన తెచ్చిన గ్రైండరు ఆర్నెల్లకే మూలకు చేరింది. అయినా ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నేను ఒకే ఒక్కసారి గోడలకు రంగు చూశాను. అది వెలిసిపోయిందని పదేళ్లు మాట పడ్డాను. అందుకే ఈ పని నా చేతికి వచ్చేసరికి నాకు పంతం పుట్టింది. ఇది సరిగ్గా కుదరాలి, ఎవరూ వేలెత్తి చూపకూడదు. యాభైకి దగ్గర పడిన మనిషికి ఇదేం కోరిక అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం అది చిన్న సంగతి కాదు.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. కొంత చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది, కొంత మెట్టలో శెనక్కాయ వేస్తాం. ఎండాకాలమంతా చీనీ చెట్లను ట్యాంకరు నీళ్లతో బతికించుకోవాలి, ఇల్లు వదిలి కదలడానికి ఉండదు. శెనక్కాయ విత్తి, కలుపు తీసి, మబ్బుల వైపు చూస్తూ కూర్చునే రోజులు కొన్ని దొరుకుతాయి. మేం ఎక్కడికైనా పోగలిగితే అప్పుడే పోవాలి.

అమ్మాయి నా ఫోనుకు ఐదు రిసార్టుల వివరాలు పంపింది. అన్నింటిలోనూ ఒకటే బొమ్మ. నీలం నీళ్లు, తెల్ల ఇసుక, రెండు కుర్చీలు. కుర్చీల్లో ఎవరూ ఉండరు. దూరపు కొండలు నునుపు అనుకున్నాను. ఒకచోట సముద్రానికి నాలుగడుగుల దూరంలో ఈత కొలను కట్టారు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని పక్కనే గుంత తవ్వుకున్నవాళ్ల తెలివి మీద నాకు నమ్మకం కుదరలేదు. దాన్ని తీసేశాను. ఇంకొకచోట స్నానాల గదికి పైకప్పు లేదు. అదే దాని గొప్పట. పైకప్పు లేని స్నానాల గది మా పుట్టింట్లో దడి కట్టుకుని ఉండేది. దానికోసం విమానం ఎక్కాల్సిన పని లేదు. దాన్నీ తీసేశాను.

మిగిలిన మూడింటి గురించి, అక్కడ ఉండి వచ్చినవాళ్లు రాసిన మాటలు చదివాను. పొగిడినవాళ్లను వదిలేసి తిట్టినవాళ్లవే చదివాను. వాటిని ఫోను తెలుగు చేసి పెడుతుంది కానీ ఆ తెలుగు అర్థం కావడానికి చాలా ఓపిక కావాలి. ఈ లోపల మా ఆయన ఊరుకోలేదు. అక్కడ సంగటి దొరుకుతుందేమో కనుక్కోమన్నాడు. టీకొట్టు దగ్గర కూర్చునే వాళ్లందరినీ అండమాన్ గురించి అడిగి వచ్చాడు. వాళ్లలో పోయి చూసినవాడు ఒక్కడూ లేడు, సలహా ఇవ్వనివాడూ లేడు. నేను విన్నట్టు తల ఊపి నా పని నేను చేసుకున్నాను.

మూడింటికీ ఫోన్ చేసి ఒకే మాట అడగాలనుకున్నాను. మా దగ్గర పిల్లనిచ్చేముందు ఎవరైనా అడిగే మాటే అది. ఆ ఊళ్లో నీళ్లెట్లా? నా సంబంధం చూడటానికి మా నాయన ఈ ఇంటికి వచ్చినప్పుడు కాఫీ వద్దని చెంబుడు నీళ్లడిగి తాగాడట. బోరు ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచులు పోస్తుందని విచారించాడట. ఇరవై నాలుగ్గంటలూ పోస్తుందని, ఇంతవరకూ ఎండిందే లేదని మా మామ చెప్పాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయని మా నాయన సంబంధం ఖాయం చేసుకున్నాడు. నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో ఆ బోరులో నీళ్లు పోయి గాలి మిగిలింది. మా మామ అబద్ధమాడాడని అనను, ఆ రోజుకు అది నిజమే. కానీ నీళ్ల గురించి గొప్పలు చెప్పేవాళ్లను నమ్మకూడదని బిందెలు మోసిన ఆ ఏళ్లలో నేర్చుకున్నాను.

మొదటి రిసార్టులో ఫోనెత్తిన అమ్మాయి ఇరవై నాలుగ్గంటలూ నీళ్లుంటాయంది, వేడివీ చల్లవీ. ఎక్కడి నుంచి వస్తాయంటే నీళ్లు నమిలింది. రెండో చోట మనిషి నవ్వి, దీవికి వస్తూ నీళ్ల గురించి అడుగుతారా మేడమ్ అన్నాడు. మూడోచోట నా అరకొర హిందీ విని, అక్కడి మేనేజరు తెలుగులోకి దిగాడు. వాళ్ల తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి అక్కడికి పోయి స్థిరపడ్డారట. నా ప్రశ్నకు ఆయన నవ్వలేదు.

"చుట్టూ ఉప్పునీళ్లే కదమ్మా. ఎండల్లో మంచినీళ్లకి మాకు కటకటే. బావి అడుగంటితే ట్యాంకరు తెప్పిస్తాం. వానాకాలం అయితే ఇబ్బంది లేదు," అన్నాడు.

ట్యాంకరు అన్న మాట వినగానే ఆయన మా ఊరి మనిషిలా అనిపించాడు. ఫోన్ పెట్టేసేముందు ఆయనే ఇంకో మాట చెప్పాడు. వానాకాలంలో వానలు బాగా ఎక్కువట. సముద్రం పోటుమీద ఉంటుందట, ఒక్కోరోజు పడవలు కూడా ఆగిపోతాయట. అందుకే ఎవరూ రారు, ఆలోచించుకోమన్నాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది? వానలు ఎక్కువని ఒక మనిషి నన్ను హెచ్చరించడం నా జన్మలో అదే మొదటిసారి.

అమ్మాయి వద్దంది. అది ఆఫ్ సీజన్ అని, నవంబరు దాటాక పోవాలని చెప్పింది. ఎక్కడ చూసినా అదే రాశారు. వాన పడే కాలాన్ని చెడ్డకాలం అనేవాళ్లకు ఎన్నడూ నీళ్ల కరువు వచ్చి ఉండదు అనుకున్నాను. మా దగ్గర కొత్త కోడలు గడప దాటేటప్పుడు నాలుగు చినుకులు రాలితే ఆ పిల్ల అడుగు మంచిదంటారు. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆగస్టులో నాలుగు రోజులకు ఖాయం చేయించాను. సముద్రం చూడటానికి పోయేవాళ్లు ఎండ కోరుకోవాలన్న సంగతి నాకు తట్టలేదు. మా ఆయనకూ తట్టలేదు. ఎంచింది ఆయన కాదు కాబట్టి అది నా ఒక్కదాని తప్పే అయింది.

మేం బయల్దేరేనాటికి చేలో శెనక్కాయ పూత మీద ఉంది. పూత నుంచి ఊడలు నేలలోకి దిగే సమయం, ఒక్క పదును వాన పడితే చాలు. చేను మా మరిదికి అప్పజెప్పి బెంగుళూరులో విమానమెక్కాం. పోర్ట్ బ్లెయిర్‌లో దిగినప్పటినుంచి వాన. పడవలో వాన, దీవి మీద వాన. రిసార్టులో ఎనిమిది కుటీరాలుంటే మనుషులున్నది మా ఒక్కదాంట్లోనే. సముద్రం నీలంగా లేదు, మా చెరువుకు కొత్తనీళ్లు వచ్చినప్పటి రంగులో ఉంది. ఒడ్డున ఎర్రజెండా పాతి నీళ్లలోకి లోతుగా దిగొద్దన్నారు. మా ఆయన మొదటి రోజంతా చిన్నపిల్లాడైపోయాడు. గొడుగిస్తే తీసుకోలేదు. చూరు కింద నిలబడి అరచేతులు చాపి, తడిసి, లోపలికి వచ్చి, మళ్లీ పోయి నిలబడ్డాడు. నేను గెలిచాననుకున్నాను.

రెండోరోజు పొద్దున మరిది ఫోన్ చేశాడు. అక్కడ మబ్బు పట్టి విడిపోయిందట. గాలి తప్ప చినుకు లేదు, మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటోంది అన్నాడు. ఫోన్ పెట్టేశాక మా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. మళ్లీ వానలోకి పోలేదు. అన్నం తినమంటే తర్వాత అన్నాడు. సాయంత్రమైనా అక్కడే ఉన్నాడు.

"చూస్తాండావా, అంతా సముద్రంలోనే పడతాండాది. నీళ్లలో నీళ్లు. ఎవురికి పనికొస్తాది?" అన్నాడు.

నాకూ ఆ వానను చూడబుద్ధి కాలేదు. మా చేనంతకు సరిపడే వాన ఆ ఒక్క గంటలో నా కళ్లముందు అలల మీద పడి పోయింది.

మూడోరోజు పొద్దున్నే ఆయన సంచి సర్దుతున్నాడు. మధ్యాహ్నం పడవకు పోదామన్నాడు. ఇంకా రెండు రోజులున్నాయన్నాను. అప్పుడన్నాడు, నేను ఏ మాట రాకూడదని మూడు నెలలుగా జాగ్రత్త పడ్డానో ఆ మాట.

"ఎవురూ రాని కాలం చూసి, ఎవురూ రాని చోటు చూసి తెచ్చినావు. అందుకే ఏ పనీ నీకు ఇడిసిపెట్టకూడదనేది."

నాకు ఒళ్లు మండింది. గ్రైండరు గుర్తుచేయాలనుకున్నాను, కానీ అంతకంటే పెద్ద మాట నోటికొచ్చింది.

"చేను నీదొక్కనిదే కాదు. నీ ఎనక సాలంతా నడిచి ఆ విత్తనం నేనూ వేసినా. నాకూ కడుపు తరుక్కపోతాండాది. అయినా నేను రాను. పడవుంటే నువ్వు పో. నేను నాలుగు దినాలుండి వస్తా."

ఆయన సంచి భుజానికి తగిలించుకుని గొడుగేసుకుని రేవు దారిన పోయాడు. నేను వెనక్కి పిలవలేదు. పెళ్లైనప్పటి నుంచి ఆయన పదా అంటే నేను బయల్దేరకపోవడం అదే మొదలు.

ఆ తరువాత ఏం చేయాలో నాకు తోచలేదు. గదిలో ఊడ్చే పని లేదు, వండే పని లేదు, నీళ్లు పట్టే పని లేదు. టీ తెప్పించుకుని తాగాను. చల్లారక ముందే టీ తాగి చాలా ఏళ్లయింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వానలోనే ఒడ్డుకు పోయి, ఎర్రజెండాకు ఇవతల మోకాటిలోతు నీళ్లలో నిలబడ్డాను. అల వచ్చి లాగితే కాళ్లకింద ఇసుక జారింది. పడిపోతానేమోనని ఒకసారి కేకేశాను కూడా. వినేవాళ్లెవరూ లేరు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అక్కడ చేను ఎండిపోతోందని తెలిసి కూడా నాకు ఆ నీళ్లలో సంతోషం వేసింది. వెంటనే తప్పు చేసినట్టనిపించింది. అయినా బయటికి రాలేదు.

అక్కడ ఉన్నప్పుడే రేవులోంచి పడవ బయల్దేరడం చూశాను. తెల్లగా, పెద్దది, మేం వచ్చినదాని లాంటిదే. కూత వేసి, వానలో నెమ్మదిగా నా ముందు నుంచి పోర్ట్ బ్లెయిర్ వైపు పోయింది. కనిపించనంత దూరం పోయేదాకా చూశాను. ఆయన దాంట్లోనే పోయాడనుకున్నాను. తిరిగి ఒక్కదాన్నే రావాలంటే టికెట్ ఎవరికి చూపాలో, విమానాశ్రయంలో ఎటు పోవాలో లెక్కేసుకున్నాను. అమ్మాయికి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. కానీ అలాగని అప్పుడే గది ఖాళీ చేసి ఆయన వెనక పరుగెత్తాలని మాత్రం అనిపించలేదు.

ఆ ఏడు శెనక్కాయ సగం కూడా రాలేదు. మేం ఇంట్లోనే ఉండి రోజూ చేను గట్టున నిలబడినా అంతే వచ్చేది. ఈ సంగతి ఆయనకూ తెలుసు.

ఆ రోజు నేను గదికి వచ్చి చీర మార్చుకుని వరండాలో తల తుడుచుకుంటుంటే రేవు దారిలో గొడుగు కనిపించింది. ఆయనే. సంచి ముద్దగా తడిసింది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి, నా మొహం చూడకుండా గొడుగు దులుపుకున్నాడు.

"పడవలు లేవంట. అలలు ఎక్కువుండాయని నిలిపేసినారంట," అన్నాడు.

పడవ పోవడం నేను చూశానని నోటి చివరిదాకా వచ్చింది. మింగేశాను. అట్లనా అని, నా చేతిలోని తువ్వాలు ఆయనకిచ్చాను. తుడుచుకుని పక్క కుర్చీలో కూర్చున్నాడు. వాన తగ్గలేదు.

"రేపంతా ఉండాది కదా, ఏం చేద్దామో నువ్వు చెప్పు," అన్నాడు.

"ఏం చేసేది లేదు. ఈడనే కూచుందాం," అన్నాను.

"సరే," అన్నాడు.